పరభక్షి-భక్ష్య చక్రం

వేటాడి తినే జంతువు (పరభక్షి), దానికి ఆహారమయ్యే జంతువు (భక్ష్యం) ఒకదాని వెంట ఒకటి సంఖ్యలో పెరుగుతూ, తగ్గుతూ ఉండటాన్ని పరభక్షి-భక్ష్య చక్రం అంటారు. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ కెనడా అడవులలోని స్నోషూ కుందేలు, దానిని ప్రధానంగా తిని బ్రతికే లింక్స్ అనే అడవిపిల్లి. హడ్సన్స్ బే కంపెనీ తోళ్ళ వ్యాపారపు లెక్కలను పరిశీలించి చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్‌లు 1942లో లింక్స్‌ల సంఖ్య సుమారు 10 సంవత్సరాలకు ఒకసారి గరిష్ఠానికి చేరుతుందని చూపారు. అవి తోళ్ళ లెక్కలే గాని జంతువుల లెక్కలు కావని గుర్తుంచుకోవాలి. కుందేళ్ళు తగ్గిన ఒకటి రెండు సంవత్సరాలకు లింక్స్‌లు కూడా తగ్గుతాయి.

ఆల్ఫ్రెడ్ లోట్కా (1925), వీటో వోల్టెరా (1926) విడివిడిగా ప్రతిపాదించిన సమీకరణాలు ఇటువంటి హెచ్చుతగ్గులనే ఇస్తాయి. అయితే వాటిలో భక్ష్యానికి మేత కొరత అనేదే లేదు.

వేటే ఏకైక కారణమా అన్న ప్రశ్నకు యూకాన్‌లోని క్లువానీ వద్ద 1986 నుండి 1994 వరకు జరిగిన ప్రయోగం జవాబిచ్చింది. కంచె వేసి లింక్స్ వంటి వేటజంతువులను ఆపిన చోట కుందేళ్ళ సాంద్రత 2 రెట్లు, అదనంగా మేత వేసిన చోట 3 రెట్లు, రెండూ చేసిన చోట ఏకంగా 11 రెట్లు ఉంది. పైగా, వేటభయానికి లోనైన ఆడ కుందేళ్ళు తక్కువ పిల్లలను కంటాయని తరువాతి పరిశోధనలలో తేలింది.