ఉసిళ్ళ కుండ

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడి డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న ‘కోనిగీ’ ఆయన పేరే. చెదల మీద ఆయన రాసిన వ్యాసం 1779లో బెర్లిన్‌లో అచ్చయింది. అందులో ఉసిళ్ళు, అంటే రెక్కల చెదలు, పట్టే పద్ధతి నాకు మహా ఇష్టం. పుట్టకు రెండు కన్నాలు పెడతారు. గాలి వచ్చే వైపు కంపుకొట్టే పొగ వేస్తారు. అవతలి కన్నానికి కరివేపాకు రుద్దిన కుండ మూతి ఆనిస్తారు. పొగకు తాళలేక రెక్కల పురుగులన్నీ కుండలోకి దూకుతాయి. వాటిని పిండితో కలిపి వండి పేదలకు చవగ్గా అమ్మేవారట.

మా నాయనమ్మ పొగ వేసేది కాదు. తొలకరి పడిన సాయంత్రం దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టేది. పడినవాటిని పెనం మీద వేయించి చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోయేవి. ఉప్పూకారం చల్లి బొరుగుల్లో కలిపేది. అంత కమ్మని చిరుతిండి నేను మళ్ళీ తినలేదు.

ఉసిళ్ళే రేపటి రాజులూ రాణులూ. రెక్కలు రాల్చుకుని, జత కుదిరాక మట్టిలో దూరి కొత్త కాపురం పెడతాయి. ఎన్ని పట్టినా పాత పుట్టలో రాణి క్షేమంగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. అందుకే మరుసటి ఏడూ కుండ అక్కడే పెట్టేవారనుకుంటాను.