డ్రయ్యర్‌కి కిటికీ పెట్టినాయన

బట్టలారబెట్టే మిషనుకి కూడా చరిత్రా, దాని మీద మళ్ళీ ఒక వ్యాసమా అని నవ్వకండి. మనకి దండెం, నాలుగు క్లిప్పులు, రెండు గంటల ఎండ ఉంటే చాలు కాబట్టి ఈ వస్తువు గురించి ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అమెరికా వచ్చాక మాత్రం తప్పదు. ఇక్కడ చాలా కాలనీల్లో, అపార్టుమెంట్లలో బాల్కనీలో బట్టలారేస్తే ఒప్పుకోరు. అందుకని ప్రతి ఇంట్లోనూ ఓ తెల్ల డబ్బా. అది ఆగిపోయిన రోజున తెలుస్తుంది, దాని లోపల ఏముందో మనకేమీ తెలీదని.

నిజానికి లోపల ఉన్నది చాలా పాత సరుకే. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషోన్ అనే ఆయన చిల్లులున్న ఓ రేకు పీపాలో తడిబట్టలు పెట్టి, నిప్పు మీద చేత్తో తిప్పే ఏర్పాటు చేశాడు. బట్టలు ఆరేవి గానీ పొగ కంపు కొట్టేవిట, ఒక్కోసారి కాలేవిట కూడా. 1892 జూన్ 7న ఒహాయో రాష్ట్రం డేటన్‌కి చెందిన జార్జ్ టి. సాంప్సన్ అనే నల్లజాతీయుడికి ఇంకో పేటెంటు వచ్చింది. ఆయన పీపా జోలికి పోలేదు. వంటింటి పొయ్యి దగ్గరే బట్టలు వేలాడేసే చట్రం తయారుచేశాడు. వేడి ఒక చోట, బట్ట ఒక చోట, మధ్యలో గాలి. ఇవాళ్టి డ్రయ్యర్ కూడా ఇంతే, కాకపోతే కరెంటు వచ్చి చేరింది.

ఆ కరెంటు కథ నార్త్ డకోటాలో మొదలైంది. అక్కడ చలికాలంలో దండేనికి వేసిన చొక్కా ఆరదు, గడ్డకట్టి అట్టముక్కలా నిలబడుతుంది. ఆ బాధ పడలేక జె. రాస్ మూర్ అనే ఆయన ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, తన నమూనాని విస్కాన్సిన్‌లోని టూ రివర్స్ ఊళ్ళో ఉన్న హామిల్టన్ కంపెనీకిచ్చాడు. తమాషా ఏంటంటే ఆ కంపెనీ అసలు వ్యాపారం అచ్చుకి వాడే చెక్క అక్షరాలు! 1930ల చివర్లో వాళ్ళు ‘జూన్ డే’ పేరుతో డ్రయ్యర్ అమ్మకానికి పెట్టారు.

ఇక్కడే మన కథానాయకుడి ప్రవేశం. మిల్వాకీకి చెందిన బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు ఆ నమూనా చూసి, ఇలా మూసేసిన డబ్బాని ఎవరు కొంటారు, తలుపుకి అద్దం కిటికీ పెట్టండి, కొట్లో చూపించేటప్పుడు లోపల రంగురంగుల నిక్కర్లు వేసి తిప్పండి అన్నాడట. లోపల ఏం జరుగుతుందో కనబడితేనే జనానికి నమ్మకం కుదురుతుందని ఆయన లెక్క.

అదే స్టీవెన్స్ 1954లో ఇంకో మాటని ఊరూరా ప్రచారం చేశాడు: ‘ప్లాన్డ్ అబ్సొలెసెన్స్’. అంటే వస్తువు పాతబడిపోయేలా ముందే పథకం వెయ్యడం. ఆ మాట ఆయన పుట్టించింది కాదు, 1932లోనే బెర్నార్డ్ లండన్ ఓ కరపత్రానికి పేరుగా పెట్టాడు. స్టీవెన్స్‌కి అన్యాయం చెయ్యకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి: ఆయన వస్తువులు తొందరగా చెడిపోయేలా చెయ్యమనలేదు. అవసరానికంటే కాస్త ముందే కొత్తది కొనాలన్న కోరిక జనంలో పుట్టించమన్నాడు. లోపలికి చూడమని కిటికీ పెట్టిందీ, బాగున్నదాన్నే మార్చెయ్యాలనిపించే విద్య నేర్పిందీ ఒక్క మనిషే! డ్రయ్యర్ ఆగిపోయిన ప్రతి ఇంట్లోనూ ఇప్పటికీ ఈ రెండింటికీ పోటీ.

మా ఇంట్లోనూ అదే జరిగింది. డ్రమ్ము తిరుగుతోంది గానీ వేడి రావట్లేదు. పిలిస్తే వచ్చినాయన వెనక రేకు కూడా విప్పకుండా “బోర్డు పోయుంటుంది, కొత్తది కొనుక్కోవడమే నయం” అని, వచ్చినందుకు ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను ప్లగ్గు తీసేసి రేకు విప్పాను. లోపల మడతపెట్టి దోపిన ఓ కాగితం దొరికింది. వైరింగ్ డయాగ్రమ్! ఎవరో పుణ్యాత్ముడు, తర్వాత వచ్చేవాడి కోసం కామెంట్లు రాసి పెట్టినట్టుంది :)

మొదట చూడాల్సింది మిషన్ కాదు, బ్రేకర్. ఇక్కడ ఇంట్లోకి రెండు 120 వోల్టుల లైన్లొస్తాయి. మామూలుగా మోటారుకి ఒకటి చాలు, హీటర్‌కి రెండూ కలిపి 240 కావాలి. రెంట్లో ఒకటి పోతే డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు. మా ఇంట్లో రెండూ బాగానే ఉన్నాయి. మల్టీమీటర్ పెట్టి హీటింగ్ ఎలిమెంట్ చూశాను, అదీ బాగుంది. చివరికి దొరికింది థర్మల్ ఫ్యూజ్. వేడి మితిమీరితే ఒక్కసారి తెగిపోయి ఊరుకుంటుంది, మళ్ళీ అతుక్కోదు.

ఫ్యూజ్ మార్చి చేతులు దులుపుకుంటే మళ్ళీ తెగుతుంది. వేడి ఎందుకు మితిమీరింది? బయటికి గాలి పోయే గొట్టం నిండా బట్టల నూగు. ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. 2008-2010 మధ్య అమెరికా ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి ఫైర్ అడ్మినిస్ట్రేషన్ అంచనా. వాటికి మొదటి కారణం శుభ్రం చెయ్యకపోవడమే. ఆ రోజు కొత్త మిషను కొని అదే గొట్టానికి తగిలించి ఉంటే డబ్బూ పోయేది, ప్రమాదమూ అలాగే ఉండేది. (గ్యాస్ డ్రయ్యర్ అయితే మాత్రం తెలిసినవాళ్ళకే వదిలెయ్యండి.)

విప్పి చూసుకోవడం మన హక్కా, వాళ్ళ దయా అన్న గొడవ కూడా పాతదే. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, మా పార్టులే వాడితేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. 2022 డిసెంబరులో న్యూయార్క్ రిపేరు హక్కు చట్టం తెచ్చింది గానీ అందులోంచి ఇంటి ఉపకరణాల్ని తప్పించేశారు. 2023లో మిన్నెసోటా, కాలిఫోర్నియా చేసిన చట్టాల్లో మాత్రం అవి ఉన్నాయి. రెండూ 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చాయి. మన దేశంలో కూడా 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఓ పోర్టల్ తెరిచింది.

చట్టాలు అవసరమే. కానీ నన్ను కలవరపెట్టేది ఇంకోటి. ఆ పాత మిషన్లో తప్పెక్కడుందో తీగ పట్టుకుని వెళ్తే దొరుకుతుంది. కొత్త వాటిలో ఆ తీగ వెళ్ళి ఓ చిప్పులో దూరుతుంది, అక్కణ్ణించి కోడ్. ఆ కోడ్ రాసేది మా వృత్తివాళ్ళే. ఎర్రర్ కోడ్ అర్థమేంటో యజమానికి చెప్పాలా వద్దా అన్నది ఇంజనీరింగ్ సమస్య కాదు, ఎవరో ఓ మీటింగులో తీసుకునే నిర్ణయం. అలాంటి మీటింగులో మీరెప్పుడైనా కూర్చుంటే, వెనక రేకులో కాగితం దోపి పెట్టిన ఆ మనిషి పక్షాన ఒక్క మాట మాట్లాడండి.