చెల్క ఎలుకలు, వడ్డెర గడ్డపార

పాలమూరు, నల్లగొండ చెల్కల్లో పగలంతా బొరియ మూతిని మట్టితో పూడ్చుకుని లోపలే ఉండే ఎలుక ఒకటి ఉంది. చీకటి పడ్డాకే గింజల కోసం, వేర్ల కోసం బయటికి వస్తుంది. పెద్ద కళ్లు, పొడవైన వెనక కాళ్లు, తోక కొసన కుచ్చు దాని గుర్తులు. 1867లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ తన క్షీరదాల గ్రంథంలో దీనికి వడ్డెరలు, యానాదులు పెట్టుకున్న పేర్లను కూడా చేర్చాడు. బొరియ తవ్వి బతికినవాళ్లకే ఈ జీవుల సంగతి బాగా తెలుసు. పంట పోయినప్పుడు ఎలుకనే తిట్టుకుంటాం గానీ, మెట్ట నేలల్లో ఎలుకల ఉప్పెన వెనక ఉన్నది వాన తీరేనని నా వాదన. దీనికి బలమైన సాక్ష్యం బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ 1839లో అచ్చు వేయించిన జంతువుల పట్టిక. 1826లో దక్షిణ మరాఠా దేశంలో తొలకరి సరిగా పడలేదు. మెత్తని బొచ్చున్న మెట్టాడ ఎలుకలు విపరీతంగా పెరిగి, విత్తిన గింజను విత్తినట్టే తిన్నాయి. తర్వాత జొన్న దంట్లెక్కి కంకులు కొరికాయి. రైతులు శిస్తు కట్టలేకపోయారు. ఎలుకలను చంపడానికి చెరువులు తవ్వే వడ్డెరలను పిలిచి, ఇన్ని డజన్లకు ఇంత గింజ అని కొలిచి ఇచ్చారు. వేల కొద్దీ చంపినా ఎలుకల సంఖ్య తగ్గినట్టు కనిపించలేదని ఎలియట్ రాశాడు.

అది ధార్వాడ ప్రాంతపు సంగతి, అక్కడిది నల్లరేగడి, ఇక్కడిది ఎర్ర చెల్క కదా అని అడగవచ్చు. నేల తేడా నిజమే. కానీ రెండు చోట్లా ఆధారం నైరుతి వానే, పంట జొన్నే, తవ్వే చేతులూ వడ్డెరలవే. పెద్ద వాన పడితే బొరియలు మునిగి పిల్లలు చస్తాయి, వాన ఎగ్గొడితే అవన్నీ మిగులుతాయి. 1876–78 కరువు వెంటనే, 1878–79లో బొంబాయి దక్కన్ జిల్లాలను ఎలుకలు ముంచెత్తాయి. మరి తవ్వినవాళ్ల కష్టం వృథా అయిందా? కాలేదు. ఎలుకలు తగ్గకపోయినా కూలిగా గింజ, కూరగా మాంసం దొరికాయి. కరువు నెలల్లో ఇంటిని నిలబెట్టడానికి అది చిన్న సంగతి కాదు.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక మిర్యాలగూడ వైపు కథ మారింది. ఏడాదంతా తడి, రెండు పంటల వరి, మెత్తని గట్లు చిన్న పందికొక్కుకు అనుకూలించాయి. కాలువ అందని చెల్కల్లో మాత్రం పాత ఎలుకే ఉండిపోయింది. జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టడం మొదలయ్యాక గడ్డపారకు దక్కే గింజ కూలీ పోయింది. విషం తిన్న ఎలుక కూరకూ పనికిరాకుండా పోయింది.