బోట్స్వానా డిటెక్టివ్‌ను సృష్టించిన లా ప్రొఫెసర్

అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1948లో నేటి జింబాబ్వేలోని బులవాయోలో పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో లా చదివి, అక్కడే వైద్య న్యాయశాస్త్రం బోధించాడు. బోట్స్వానా విశ్వవిద్యాలయంలో న్యాయ విభాగం నిలదొక్కుకోవడంలోనూ ఆయన చెయ్యి ఉంది. కలం పట్టింది మాత్రం మొదట పిల్లల కోసమే. 1980లలో వరసగా పిల్లల పుస్తకాలు రాశాడు. తర్వాత వచ్చిన అకింబో కథల్లో నాయకుడు ఆఫ్రికా అభయారణ్యంలో పనిచేసే రేంజర్ కొడుకు.

బోట్స్వానాలోని మోచూడి అనే ఊళ్లో ఒక స్త్రీ భోజనానికి కోడిని పట్టుకోవడానికి పెరడంతా పరిగెత్తడం ఆయన చూశాడు. ఆ దృశ్యమే తర్వాత ప్రెషస్ రామోత్స్వే పాత్రకు బీజమైంది. తండ్రి వదిలివెళ్లిన పశువులను అమ్మి గాబరోన్‌లో ఏజెన్సీ తెరిచే ఆమె కథ, ‘ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’, 1998లో ఎడిన్‌బరోలోని చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. తుపాకులూ శవాలూ ఆశించే పాఠకుడికి ఇందులో దొరికేవి ఎక్కువగా జాడలేని భర్తలు, మోసగాళ్లు, కప్పుల కొద్దీ రూయ్‌బోస్ టీ. ఈ నిదానమే పుస్తకం బలం.

2004లో ‘ది స్కాట్స్‌మన్’ దినపత్రికలో ‘44 స్కాట్లాండ్ స్ట్రీట్’ సీరియల్ మొదలైంది. మన వారపత్రికల సీరియల్‌కు వారం గడువైనా ఉండేది. ఇది దినపత్రిక పని.

ఆపైన ప్రెషస్ చిన్ననాటి కథలు రాశాడు. మొదటిది ముందుగా స్కాట్స్ భాషలోనే వెలువడింది. అందులో బడిలో తినుబండారాలు మాయమవుతుంటే పిల్లలు బొద్దుగా ఉన్న కుర్రాణ్ణి అనుమానిస్తారు. దొంగలు కోతులని తేలుతుంది.