పగటి వెలుగులో చరిత్ర

మన గోదావరి సీమలో దసరా, సంక్రాంతి దినములయందు పగటివేషములు వాడవాడలా తిరుగుచుండెడివి. నాటకమునకు తెరయు దీపములును అండ; పగటివేషమునకు ఆ అండ లేదు. బుడబుక్కలవాని వేషము కట్టినవాని యెదుటికి నిజమైన బుడబుక్కలవాడే వచ్చి నిలువవచ్చును. బుడబుక్క వాయించు తీరున లోపమున్నచో పిల్లవాడు సైతము పసిగట్టును. ఆ వేషమునకు వీథియే పరీక్షాధికారి.

చరిత్రపురుషుల వేషములకు ఈ పరీక్ష లేదు. నేడు మన ఉత్సవములలో బాలురకు తరచుగా కట్టు వేషములలో అల్లూరి సీతారామరాజు వేష మొకటి. కాషాయము, గడ్డము, విల్లంబులు; ఇంతతో సరిపెట్టుచున్నాము. నరసాపురమున చదివిన ఆ యువకుడు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై అనుచరులతో దాడి వెడలి తుపాకులు గైకొనెను. పోడు వ్యవసాయముపై అటవీ నిబంధనలు, రోడ్డు పనులలో కూలి దోపిడి ఆ తిరుగుబాటునకు మూలములు. గాము గంటందొర, మల్లుదొర సోదరులు అందు ముఖ్య అనుచరులు.

కనుక ఒక్క విల్లుతో ఆ కథ ముగియదు. రాజు వెంట దొరల వేషములును నడువవలెను. కూలి దక్కని మన్యవాసి పలుగు చేతబట్టి వారికి ముందు నడువవలెను. నూరేండ్లు గడచినవి, నాడు కన్నులార చూచినవారు లేరు. ఇక సాక్ష్యము పలుకవలసినది వేషమే. వీరుని చూపి, అతడెవరికొరకు పోరెనో చూపని వేషము సగము చరిత్రయే యని మనము గుర్తింపవలెను.