కొల్లేటి క్రింది కథ

ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెం దాకా ప్రయాణించే వారికి రెండు ప్రక్కల రెండు సీమలు కనిపిస్తాయి. ఉత్తరాన ఎర్రమట్టి మెట్ట, దానికావల ద్వారకాతిరుమల గుట్ట. దక్షిణాన వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. ఈ పల్లపు నేలను చేసినదెవరని అడిగితే గోదావరి, కృష్ణ అని చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. ఆ మాట నిజమే. కాని అది కథలో చివరి అధ్యాయం. మొదటి అధ్యాయం నదులు పుట్టడానికి ఎంతో ముందే ప్రారంభమైనది.

మనం నివసించే దక్కను పీఠభూమి ఏకశిల కాదు. నైరుతిని ధార్వాడ దిమ్మ, ఈశాన్యాన బస్తరు దిమ్మ, ఈ రెండూ 250 కోట్ల సంవత్సరాలకు పూర్వపువి. వాటి నడిమి అతుకు వెంటనే గోదావరి లోయ ఉన్నది. అతుకువేసిన గుడ్డ మళ్లీ చినిగితే అతుకు దగ్గరనే చినుగుతుంది గదా! భూపటలం నడవడి కూడ అంతే. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఆ అతుకు విడి పల్లమేర్పడినది. ఓరుగల్లు సీమలోని పాకాల పేరుతో పిలిచే శిలలు అందులో పేరుకొన్నవే. సుమారు 29 కోట్ల ఏళ్ల నాడు అదే పల్లం మరల క్రుంగడం ఆరంభించినది. ఆనాటి అడవులు బురదలో కూరుకుపోయి బొగ్గుగా మారినవి.

ఈ సంగతిని తొలుత పైకి తెచ్చిన వారిలో ముఖ్యుడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్. 1871లో ఇల్లెందు ప్రాంతాన బొగ్గును గుర్తించి, 1881లో ప్రాణహిత–గోదావరి లోయను గురించి ఒక గ్రంథం వెలువరించినాడు. సింగరేణి గనులకు మూలం ఆ శోధనయే. రామగుండం, కొత్తగూడెం, సత్తుపల్లి, చింతలపూడి అని బొగ్గు ఊళ్లను వరుసగా పటంపై గుర్తిస్తే పాత పగులు గీత దానంతటదే కనిపిస్తుంది. గోదావరి భద్రాచలం వరకు ఆ గీతకు తోడుగా నడిచి, ఆపైన ప్రక్కకు తొలగి పాపికొండలను చీల్చుకొని పోతుంది. పగులు మాత్రం తిన్నగా చింతలపూడి మీదుగా మన ఏలూరు వైపు వస్తుంది.

ఇక్కడ దానికి మరొక గీత అడ్డు తగులుతుంది. తూర్పు కనుమల శిలలలో చాల భాగం సుమారు నూరు కోట్ల ఏళ్ల నాడు మన భూభాగమూ అంటార్కిటికా భూభాగమూ ఒరుసుకొన్నప్పుడు నలిగి రూపు మారినవే. అంటార్కిటికాలోని ఎండర్బీ భూమి శిలలు వీటికి దాయాదులు. ఆ రెండు భూభాగాలు సుమారు 13 కోట్ల ఏళ్ల నాడు విడిపోయినప్పుడు, చీలిక పాత పర్వతాల వాలును అనుసరించి ఈశాన్యం నుండి నైరుతికి సాగినది. మన తీరానికి ఆ వాలు వచ్చినది అందువలననే. కెనడా శాస్త్రజ్ఞుడు టూజో విల్సన్ 1966లో అట్లాంటిక్ సముద్రం ఒకప్పుడు మూసుకొని పాత అతుకు దాపుననే తిరిగి తెరచుకొన్నదా అని ప్రశ్నించినాడు. అదే ప్రశ్న మన తీరానికీ చెల్లుతుంది.

రెండు గీతలు కలిసిన చోట నేల ముక్కలై, కొన్ని మిట్టలుగా నిలిచినవి. కొన్ని పల్లాలుగా దిగినవి. బాపట్ల మిట్ట, కాజ–కైకలూరు మిట్ట, తణుకు మిట్ట అని శాస్త్రజ్ఞులు పిలిచేవి ఇవే. కైకలూరు వీధిలో నడిచేవారికి ఏ మిట్టా కానరాదు. పల్లాలలో 5 కిలోమీటర్లకు మించిన మందాన పూడిక పడి అన్నింటినీ కప్పివేసినది. ఆ పూడిక అంచులు మెట్టసీమలో బయటపడి ఉన్నవి. గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అని శిలాశ్రేణులకు పేర్లు. ఈ తిరుపతి మన చినతిరుపతియే! గుంటుపల్లిలో బౌద్ధభిక్షువులు రెండు వేల ఏళ్ల నాడు గుహలు తొలిచినది ఇటువంటి ఇసుకరాతిలోనే. 1978లో నరసాపురం దగ్గర తవ్విన బావిలో సహజవాయువు కనిపించినది. తరువాత కైకలూరు ప్రాంతంలోను లభించినది.

పాత పల్లం పూడుతూ వచ్చిన ఈ కథలో కొల్లేరు చివరి ఘట్టం. సుమారు ఆరు వేల ఏళ్ల క్రిందట సముద్రతీరం ఈ దాపుననే ఉండేదని దక్షిణాన ఉన్న పాత ఇసుకమేటలు చెబుతున్నవి. అటు కృష్ణ, ఇటు గోదావరి ఒండ్రు పోసుకొంటూ ముందుకు సాగినవి. రెంటికీ అందక మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలుస్తాయి. ఉప్పుటేరు మిగులునీటిని సముద్రానికి చేరుస్తుంది.

కోట్ల ఏళ్ల నాటి సంగతులు మనకెందుకని శ్రోతలు అడుగవచ్చును. పాత పగులు పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూమి కంపించినది ఆ లోయలోనే. ఇక్కడ ఇల్లు కట్టేవారికి ఇది తెలియవలసిన సంగతి. రెండవది, మెత్తని పూడిక తన బరువుకు తానే అణగుతుంది. ఏటేటా వచ్చే ఒండ్రు ఆ లోటును తీర్చుతూ వచ్చినది. ఎగువ ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోతున్న కొద్దీ ఆ లోటు తీరడం కష్టమవుతున్నది. మూడవది కొల్లేరు. దాని గర్భంలో చేపల చెరువులకు వేసిన గట్లను 2006లో ప్రభుత్వం తొలగించవలసి వచ్చినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు చేరవలసిన చోటు ఏదో అందరికీ జ్ఞాపకం వచ్చినది.

బొగ్గు, వాయువు, వరి పండే ఒండ్రు, ఇవన్నీ ఆ పాత పగులు ఇచ్చిన సంపదలు. పల్లాన్ని పల్లంగా ఉండనిచ్చి, నీటికి దాని త్రోవ విడువడమే అందుకు మనం చెల్లించవలసిన పన్ను. అది ఎగవేస్తే వసూలు చేసుకొనే విద్య బుడమేరుకు తెలుసును.