వేషం అడగబోయే ముందు

ఆ ఎండుపుల్ల కూడా మంటలో వెయ్యి అమ్మడూ, వేసి ఇట్టా పొగ రాని పక్కకి వచ్చి కూర్చో. ఆదివారం నువ్వు ఆ నాటక సమాజం వాళ్ల దగ్గరికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. అద్దం ముందు నిలబడి ఏదో సినిమా డైలాగే పదే పదే చెప్పుకుంటున్నావని కూడా చెప్పింది. ఆ డైలాగ్ కాస్త పక్కన పెట్టు. నాటకం వాళ్లు మనిషిని ఎట్టా ఎంచుకుంటారో, నేను చూసిందీ మా నాన్న దగ్గర విన్నదీ చెబుతా.

మన తెనాలి వైపు నాటకమంటే ఇంటి సంగతే. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. దానికి పూనుకున్నవాళ్లలో సురభి వనారస గోవిందరావు గారు ఒకరు. సురభి వాళ్ల సంగతి వేరు. కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో కీచకవధతో మొదలుపెట్టారు, అప్పటినుంచీ తరాల తరబడి అదే బతుకు. వాళ్ల ఇళ్లలో పిల్లల్ని పరీక్ష చేసేవాళ్లెవరూ ఉండరు. పసివాడు తెర పక్కనే పెరుగుతాడు, హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి వేషానికి సరిపోయే వయసొచ్చేసరికి మిగతా వేషాల మాటలన్నీ వాడి చెవిలో పడే ఉంటాయి. బయటినుంచి పోయే నీకూ నాకూ ఆ భాగ్యం లేదు. మనం వెతుక్కుంటూ పోయి నేర్చుకోవాలి.

స్థానం నరసింహారావు గారి సంగతి మా నాన్న ఎన్నిసార్లు చెప్పేవాడో! బాపట్లలో హరిశ్చంద్ర ఆడాల్సిన రోజు చంద్రమతి వేషగాడు రాలేదట. ఆ వేషం కుర్రవాడైన స్థానం గారు వేశారు. అది 1920. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి రోషనార, సత్యభామ వేషాలతో ఆంధ్రదేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మా నాన్న ఇది చెప్పి ఊరుకునేవాడు కాదు, నీ వేషం నీకొస్తే చాలదురా, పక్కవాడి వేషం కూడా రావాలి అని తొడ మీద చరిచేవాడు. ఆ రోజుల్లో ఎవరి మాటలు వాళ్లకే విడిగా కాగితాల మీద రాసిచ్చేవాళ్లు, పోర్షన్ అనేవాళ్లు దాన్ని. చాలామంది ఆ కాగితాలు బట్టీ పట్టి, కథ మొత్తం తెలియకుండానే స్టేజీ ఎక్కేసేవాళ్లు. నువ్వట్టా పోవద్దు. వాళ్లు ఏ నాటకం ఎత్తుకోబోతున్నారో ముందే అడిగి, పుస్తకం దొరికితే మొదటినుంచి చివరిదాకా చదువు. దొరక్కపోతే వాళ్లు ఇదివరకు ఆడింది ఏదైనా చూడు. వాళ్ల రుచి ఏమిటో నీకు తెలుస్తుంది.

మా కుర్రతనంలో మా ఊరి సమాజం రిహార్సళ్లు హైస్కూల్ గదిలో, రాత్రి భోజనాలయ్యాక జరిగేవి. కొత్తవాడొస్తే ముందు హార్మోనియం దగ్గర నిలబెట్టి శృతి ఎక్కడ కలుస్తుందో చూసేవాళ్లు. పల్లెలకి మైకులు రాని కాలంలో ఆఖరి వరసకి వినపడాలంటే పై శృతిలో పాడక తప్పేది కాదు. మైకులొచ్చాక కూడా ఆ అలవాటు చాన్నాళ్లు పోలేదు. పద్యం అయ్యాక చేతికి పుస్తకమిచ్చి ఇంకొకరితో కలిపి చదివించేవాళ్లు. అసలు పరీక్ష అప్పుడు మొదలయ్యేది.

ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. మొదటివాడిది ఖంగుమనే గొంతు. రాయబారం పద్యాలు ఎత్తుకుంటే గదిలో ఉన్నవాళ్లమంతా చప్పట్లు కొట్టాం. రెండోవాడు బక్కపలచటి మనిషి, గొంతు అంతంతమాత్రం. మా దర్శకుడు బళ్లో తెలుగు పంతులు. ఆయన ఇద్దరికీ కలిపి ఒక సీనిచ్చి చదవమన్నారు. మొదటివాడు తన మాట కాగానే, తర్వాతి మాట ఎక్కడుందా అని కాగితం మీద వేలు పెట్టి వెతుక్కుంటున్నాడు. రెండోవాడు పుస్తకం దించేసి ఎదుటివాడి మొహంలోకి చూస్తున్నాడు. వాడన్న మాట వీడికి తగిలినట్టు కనపడుతోంది, తగిలాకే జవాబు వస్తోంది. ఒకచోట మొదటివాడు రెండు వాక్యాలు మింగేశాడు. రెండోవాడు తడుముకోలేదు, ఆ మింగిన ముక్కలోని సంగతి తన మాటలోకి తెచ్చి కథని పట్టాల మీద పెట్టాడు. వేషం వాడికే దక్కింది. మేమంతా గొణిగాం. గొంతు ఆర్నెల్లు సాధన చేయించి బాగుచేయొచ్చు, వినడం రానివాడితో నాటకం నడవదు అనేది పంతులు గారి మాట. ఆ మొదటి కుర్రాడి మీద నాకు ఇప్పటికీ జాలే. వాడికి ముందే ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది. నీకు నేను చెబుతున్నా. ఆదివారం నువ్వు మాట్లాడేటప్పటికంటే నీకు మాట లేనప్పుడు నిన్ను ఎక్కువ చూస్తారు. పక్కవాళ్లని పరీక్షిస్తున్నప్పుడు ఓ మూల కూర్చుని ఫోను చూసుకుంటే ఆ సంగతీ వాళ్ల కంట పడుతుంది.

పద్యం అడిగితే ఏం చెయ్యాలంటావా? ముందు దాన్ని వచనంలా నాలుగైదుసార్లు చదువు. సంధులు విడదీసి, ఏ మాట ఏ మాటతో కలిసి అర్థమిస్తుందో చూసుకుని, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. మాట మధ్యలో ఊపిరి తీశావా, అర్థం ముక్కలైపోతుంది. రాగం ఆ తర్వాత. హరిశ్చంద్రలో కాటి సీను చూడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు తెచ్చుకుని పాడటం మనవాళ్లకి అలవాటైపోయింది. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడంటే జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆయన్ని చూసి ఎంతమందో ఆ పద్యాలు ఎత్తుకున్నారు. అందులో చాలామంది వన్స్ మోర్ కోసం రాగం సాగదీసి, తాము నిలబడింది కాట్లో అనే సంగతే మర్చిపోయేవాళ్లు. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు. కన్నకొడుకు శవం ఎదురుగా ఉన్నప్పుడు ఆలాపనకి ఎంత చోటుంటుందో పాడేవాడే తేల్చుకోవాలి. సుబ్బారావు గారి గొంతుని అనుకరించబోకు. ఎవరి గొంతునీ అనుకరించబోకు. దర్శకుడు ఆ పెద్దాయన రికార్డు ఎన్నోసార్లు విని ఉంటాడు. దర్శకుడికి కావాల్సింది నీ గొంతులో ఏముందో తెలుసుకోవడం.

వచనానికైతే కన్యాశుల్కం పట్టుకో. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు మొదటిసారి ఆడారు, ఇప్పుడు మనం చదివేది గురజాడవారు 1909లో తిరగరాసి పెంచింది. అందులో ఒక్కొక్కరి నోట ఒక్కో రకం తెలుగు. గిరీశం ఇంగ్లీషు కలిపి దంచే మాట ఒకటి, అగ్నిహోత్రావధానుల కస్సుమనే మాట ఒకటి, బుచ్చెమ్మ మెత్తటి మాట ఒకటి, మధురవాణి తెలివైన మాట ఇంకొకటి. ఒక్క పేజీ గట్టిగా చదివితే నీ నాలుక ఎక్కడ మొండికేస్తుందో తేలిపోతుంది. మన గుంటూరు యాస నీకు పుట్టుకతో వచ్చింది, దాన్ని దాచుకోనక్కర్లేదు. విజయనగరం మాట చెప్పాలంటే మాత్రం ఆ వైపు మనిషి దగ్గర కూర్చుని విను. తెలంగాణ మాటైనా అంతే, సీమ మాటైనా అంతే. సినిమాల్లో నవ్వించడానికి వాడే యాస తెచ్చి అక్కడ వినిపించావంటే ఆ ప్రాంతం వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొత్తవాళ్లు తెగ ఊపేస్తుంటారు. ఈ విషయంలో బళ్లారి రాఘవ గారిని తలుచుకో. ఆయన వకీలు. 1946లో పోయారు, నేను చూడలేదు. మామూలు మనిషి మాట్లాడినట్టే స్టేజీ మీదా మాట్లాడొచ్చని తెలుగువాళ్లకి చేసి చూపించినవాళ్లలో ఆయన పేరే ముందు చెప్పాలి. చెయ్యి లేవడానికి కారణం ఉంటేనే లేవనివ్వు, లేకపోతే ఊరికే వేలాడనివ్వు.

ఇంకో సంగతి. సమాజంలో ఆరేడుగురు ఉంటారు, ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు వచ్చేవాళ్లు. నెలా రెండు నెలలు రిహార్సళ్లు, తర్వాత ఒకే వ్యానులో ఈ పరిషత్తు పోటీల నుంచి ఆ పరిషత్తు పోటీలకి ప్రయాణం. సెట్టు సామాను దించేదీ ఎక్కించేదీ కూడా మీరే. మధ్యలో ఒక్కరు మానేస్తే అందరి కష్టం బూడిదలో పోసినట్టే. అందుకని నీ పరీక్షలెప్పుడు, ఏ రోజుల్లో రాలేవు అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. వేషం పోతుందేమోనని అన్ని రోజులూ వస్తానని ఒప్పుకోకు. రెండు మాటల వేషమిచ్చినా, తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పమన్నా మొహం చిన్నబుచ్చుకోకు. ప్రాంప్టింగ్ చెప్పినవాళ్లకి నాటకమంతా నోటికొస్తుంది. పక్కవాడి వేషం కూడా వస్తే ఏమవుతుందో స్థానం గారి సంగతిలో ఇందాకే విన్నావుగా.

ఆడపిల్లవి కాబట్టి ఇదీ చెప్పాలి. ఆడవేషాలు మగవాళ్లే వేసే రోజుల్లో కొమ్మూరి పద్మావతీదేవి గారు రాఘవ గారి పక్కన నిలబడి నటించారు. లోకం ఏమంటుందో తెలిసి కూడా నిలబడ్డారు. వాళ్లు అట్టా తెరిచిన దారిలోనే నువ్వు నడవబోతున్నావు, కాబట్టి దర్జాగా పో. రిహార్సల్ ఎన్నింటికి వదులుతారు, రాత్రిపూట ఇంటికి ఎవరు దింపుతారు, సమాజంలో ఇంకా ఆడవాళ్లెవరున్నారు అని ముందే అడుగు. మంచి సమాజం వాళ్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు, వాళ్లే ముందు చెబుతారు. ఎవరైనా విసుక్కుంటే వెనక్కి వచ్చెయ్, సమాజాలు ఇంకా ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే ఇడ్లీ రెండు తిని పో, కడుపు నిండా తింటే ఊపిరి ఆడదు. చల్లటి నీళ్లు ముట్టుకోకు. ఈ రెండు రోజులూ గొంతు చించుకుని అరవకు. చదవడానికి నీకు తెలియని సీను చేతికిస్తే, ఒక్క నిమిషం చదువుకోనిస్తారా అని అడుగు, తప్పేం లేదు. చదువుతుంటే దర్శకుడు ఆపి, ఇంకోరకంగా చెప్పు అంటాడు. నచ్చక ఆపాడనుకుని బెంబేలు పడకు. చెప్పింది అందుకుంటావా లేదా అని చూస్తున్నాడంతే.

అలమారలో రెండో అరలో కన్యాశుల్కం ఉంది, అట్ట ఊడిపోయి ఉంటుంది, నెమ్మదిగా తీసుకురా. రామప్ప పంతులు నేను చదువుతా, మధురవాణి నువ్వు చదువు. నా మాట అయ్యేదాకా నీ పేజీ వైపు చూడకూడదు మరి.